ఆ చెవులకు ప్రతి చప్పుడూ పిడుగే

* మొండితనం కాదు.. భరించలేని బాధ
* ఆటిజం బాలలకు శబ్దంతో నిత్య సమరం
* ఇంట, బడిలో స్వల్ప మార్పులతోనే ఊరట
* పండుగల వేళ ఇరుగుపొరుగు సహకారమే కీలకం

అమలాపురం గ్రామీణం: గత ఏడాది వినాయక నిమజ్జనం నాటి సాయంత్రం. కోనసీమలోని ఒక గ్రామంలో ఊరేగింపు వీధి మలుపు తిరిగింది. ట్రాక్టరుపై నిలువెత్తు సౌండు బాక్సులు హోరెత్తిస్తున్నాయి. ఇంటి అరుగుపై తండ్రి పక్కన నిలబడిన తొమ్మిదేళ్ల బాలుడు ఒక్కసారిగా చెవులు మూసుకున్నాడు. మరుక్షణమే తండ్రి పక్కనుంచి తప్పుకొని పెరటి దారిన పరుగు తీశాడు. ఆ దారి చివర పంట కాలువ ఉంది. గంటసేపు టార్చిలైట్లతో ఊరంతా గాలించగా కాలువ గట్టున కొబ్బరి మట్టల కుప్ప వెనుక ముడుచుకుని కూర్చుని కనిపించాడు. చేతులు అప్పటికీ చెవుల మీదనే ఉన్నాయి. అతనికీ నీటికీ మధ్య దూరం నాలుగడుగులు.

'అందరూ గాలి సోకిందన్నారండీ. భయం పోవాలంటే బాక్సుల దగ్గరకే తీసుకెళ్లి నిలబెట్టమన్నారు. అంతకుముందు నేనూ ఒకటి రెండుసార్లు అలాగే చేశాను. వాడికది నొప్పి అని నాకు తెలియలేదండీ' అని ఆ తల్లి కంటతడి పెట్టారు. బాలుడికి ఆటిజం ఉన్నట్లు అయిదేళ్ల వయసులోనే వైద్యులు నిర్ధారించారు. మాటలు ఆలస్యం కావడం, కళ్లలోకి చూడకపోవడం గురించి కుటుంబానికి అవగాహన ఉంది. శబ్దం గురించి మాత్రం ఎవరూ వివరించలేదు. కుటుంబం కోరిక మేరకు వారి పేర్లు, గ్రామం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. అయితే ఈ వ్యథ ఆ ఒక్క ఇంటిదే కాదు. కుక్కరు కూత, బడి గంట, పెళ్లి మేళం, దీపావళి బాణసంచా.. మనకు నిత్యకృత్యాలైన ఈ ధ్వనులు ఎందరో ఆటిజం చిన్నారులకు నిత్య నరకంగా మారుతున్నాయి.

లోపం చెవిలో కాదు

ఆటిజం అనేది అంటువ్యాధి కాదు. పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే భిన్నత్వం. అమెరికాలో బాలల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని తొలిసారి సవివరంగా గ్రంథస్థం చేశారు. పెద్ద శబ్దాలకు ఆ పిల్లలు తీవ్రంగా భీతిల్లడాన్ని ఆయన అప్పుడే గుర్తించారు. అయినప్పటికీ చాలాకాలం దీనిని పక్క లక్షణంగానే భావించారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన రోగ నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో శబ్దం, స్పర్శ, వెలుతురు వంటి వాటికి అతిగా గానీ, అతి తక్కువగా గానీ స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. మన దేశంలో ఆటిజం తీవ్రతను లెక్కించేందుకు రూపొందించిన భారతీయ కొలమానంలోని 40 అంశాల్లోనూ ఇంద్రియ సంవేదనకు ప్రత్యేక విభాగం ఉంది.

ఈ బాలల్లో చాలామందికి వినికిడి శక్తి అందరి మాదిరిగానే ఉంటుంది. తేడా అంతా చెవి అందించిన ధ్వనిని మెదడు స్వీకరించే తీరులో ఉంది. మనం గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటో మోత, పక్కింటి టీవీ అన్నీ చెవిన పడుతూనే ఉంటాయి. అక్కరలేని వాటిని మెదడు వెనక్కి నెట్టి, ఎదుటివారి మాటను మాత్రమే ముందుకు తెస్తుంది. పదేపదే వినిపించే ధ్వనికి కొద్దిసేపట్లోనే అలవాటు పడుతుంది. ఆటిజం ఉన్న పలువురిలో ఈ వడపోత సరిగా సాగదు. అన్ని ధ్వనులూ ఒకే బలంతో ఒకేసారి మీద పడతాయి. అలవాటు పడటమూ ఆలస్యమవుతుంది. మనం గమనించనైనా గమనించని ట్యూబులైటు రొద కూడా కొందరిని కలవరపెడుతుంది.

దాంతో శరీరం ఆపదలో ఉన్నట్లు స్పందిస్తుంది. గుండె వేగం హెచ్చుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. పారిపోవాలనో, ఎదురు తిరగాలనో అనిపిస్తుంది. స్వయంగా ఆటిజం ఉండి, పశుశాస్త్ర ఆచార్యురాలిగా ప్రపంచ ఖ్యాతి పొందిన అమెరికా మహిళ టెంపుల్ గ్రాండిన్ తన చిన్ననాటి బడి గంటను దంతవైద్యుడి యంత్రం నరాన్ని తాకడంతో పోల్చారు. మాటలు రాని చిన్నారి ఆ బాధను అలా పోల్చి చెప్పలేడు. చెవులు మూసుకుంటాడు, ఏడుస్తాడు, తల బాదుకుంటాడు, పరుగెత్తుతాడు. అవే అతని మాటలు.

'తాను అరిస్తే లేదు గానీ..'

'వాడు మాత్రం ఇల్లెగిరిపోయేలా కేకలు వేస్తాడు. మనం గట్టిగా మాట్లాడితే చెవులు మూసుకుంటాడు' అనేది తల్లిదండ్రుల నుంచి తరచూ వినిపించే ఫిర్యాదు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. తాను చేసే శబ్దం ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో పిల్లవాడికి తెలుసు. అది అతని అదుపులో ఉంటుంది. బయటి నుంచి హఠాత్తుగా వచ్చేది అలా కాదు. కొందరు బయటి రొదను కప్పివేసేందుకే తామే ఏదో ఒక కూత తీస్తూ ఉంటారు. పేరు పెట్టి పిలిస్తే పలకని బిడ్డ పక్క గదిలో బిస్కెట్ పొట్లం చప్పుడుకు లేచి రావడమూ ఇటువంటిదే. దీనిని చూసి కావాలనే పలకడం లేదనుకుని కొట్టేవారు ఉన్నారు. అది తీరని అన్యాయం.

మొండితనానికీ దీనికీ తేడా గుర్తించడం అవసరం. బొమ్మ కోసం మారాం చేసే పిల్లవాడు బొమ్మ ఇస్తే ఊరుకుంటాడు. మధ్యమధ్య పెద్దల వంక చూస్తాడు. శబ్దం వల్ల కుప్పకూలిన చిన్నారి ఏమిచ్చినా ఊరుకోడు. ఎవరి వంకా చూడడు. ఆ శబ్దం ఆగిన తర్వాత కూడా తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది.

మరో విషయం. ఈ భారం కుండలో నీరులా చేరుతుంది. ఉదయం మిక్సీ, దారిలో హారన్లు, బడిలో ప్రార్థన, మధ్యాహ్నం కంచాల మోత.. ఒక్కొక్కటీ కొంత నింపుతుంది. సాయంత్రం తలుపు వేసిన చిన్న చప్పుడుకు కుండ పొర్లుతుంది. చూసేవారికి ఆ తలుపు చప్పుడే కారణంగా కనిపిస్తుంది. నిద్ర చాలనిరోజు, ఆకలి వేళ, ఒంట్లో బాగోలేనప్పుడు కుండ మరింత త్వరగా నిండుతుంది.

ముందు చెవి పరీక్ష.. తర్వాత పుస్తకం

శబ్దానికి బెదిరే బిడ్డను తొలుత చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి. చెవిలో చీము, గుమిలి గడ్డకట్టడం వంటివి ఉన్నా నొప్పి చెప్పలేని పిల్లలు ఇలాగే ప్రవర్తిస్తారు. మాట్లాడలేని చిన్నారులకు సైతం నిద్రలో ఉండగా 'బెరా' పరీక్ష ద్వారా వినికిడిని అంచనా వేయవచ్చు.

చెవిలో లోపం లేదని తేలాక రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో వివరాలు రాసుకోవాలి. ఏ వేళ, ఏ శబ్దం, ఎంత దూరంలో, బిడ్డ ఏమి చేశాడు, ఎంతసేపటికి తేరుకున్నాడు, ముందురాత్రి నిద్ర ఎలా పట్టింది అనేవి నమోదు చేయాలి. రెండు వారాలయ్యేసరికి అన్ని శబ్దాలూ కాక అయిదారు మాత్రమే ప్రధానంగా బాధిస్తున్నట్లు చాలా ఇళ్లలో తేలుతుంది. పైన చెప్పిన బాలుడి విషయంలో అవి మూడు. మిక్సీ, మోటారుసైకిల్ హారన్, సౌండు బాక్సులు. దేవాలయం మైకుకు బెదురుతాడని కుటుంబం అనుకునేది. పుస్తకం చూస్తే మైకు మోగిన రోజుల్లో సగానికి పైగా అతడు నిశ్చింతగా ఆడుకుంటూ ఉన్నాడు.

ఇంట్లో ఏమి చేయవచ్చు?

పెద్ద ఖర్చు అక్కరలేని ఉపాయాలే అధికం.

* మిక్సీ కింద నాలుగు మడతలు వేసిన తువ్వాలు పరచాలి. వీలైతే పిల్లవాడు పెరట్లో ఉన్నప్పుడు, తలుపు వేసి వాడాలి.
* కుర్చీలు, బల్లల కాళ్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగితే గచ్చుపై ఈడ్చిన చప్పుడు తగ్గుతుంది.
* ఖాళీ గది ప్రతిధ్వనిస్తుంది. మందపాటి తెరలు, చాపలు, గోడకు వేలాడదీసిన పాత బొంత ధ్వనిని పీల్చుకుంటాయి.
* ఎవరూ చూడని టీవీని కట్టివేయాలి. ఒకేసారి రెండు మూడు చప్పుళ్లు లేకుండా చూసుకోవాలి.
* ఇంట్లో ఒక మూలను ప్రశాంత స్థలంగా కేటాయించాలి. బిడ్డకు నచ్చిన దుప్పటి, బొమ్మ అక్కడ ఉంచాలి. అది ఆశ్రయమే తప్ప శిక్ష కాకూడదు. తప్పు చేశాడని అక్కడ కూర్చోబెట్టరాదు.

శబ్దాన్ని తగ్గించడం ఒక ఎత్తు, ముందుగా చెప్పడం మరో ఎత్తు. బాధలో సగం 'ఎప్పుడు వచ్చి పడుతుందో' అన్న ఆందోళన నుంచే పుడుతుంది. మిక్సీ వేసే ముందు మిక్సీ బొమ్మ చూపించి, వేళ్లపై మూడు వరకు లెక్కించి అప్పుడు వేయాలి. కొన్నాళ్లకు మీటను బిడ్డ చేతనే నొక్కించవచ్చు. తానే మొదలుపెట్టి, తానే ఆపగలిగిన శబ్దం అంతగా బాధించదు. కోనసీమ బాలుడి ఇంట్లో ఇప్పుడు పచ్చడి రుబ్బే వేళ మీట దగ్గర నిలబడేది అతడే. 'వాడు ఆపమంటే ఆపాల్సిందేనండీ. పచ్చడి బరకగా ఉన్నా అదే తింటున్నాం' అంటూ తల్లి నవ్వారు.

మఫ్ మేలే.. రోజంతా వద్దు

కర్మాగారాల్లో కార్మికులు ధరించే తరహా ఇయర్ మఫ్‌లు పిల్లల కొలతల్లోనూ దొరుకుతున్నాయి. మంచి రకమైతే చెవికి చేరే శబ్దాన్ని దాదాపు 20 నుంచి 30 డెసిబెళ్ల మేర తగ్గిస్తాయి. డెసిబెల్ లెక్కలో 10 తగ్గితే మన చెవికి శబ్దం సుమారు సగమైనట్లు తోస్తుంది కనుక ఇది పెద్ద ఉపశమనమే. చెవిలో దూది పెట్టడం వల్ల అంత ప్రయోజనం ఉండదు. చిన్న ముక్కలు చెవి లోపల ఇరుక్కునే ప్రమాదమూ ఉంది.

మఫ్‌ను తొలిసారి పండుగనాడే తొడగరాదు. ఇంట్లో ఆటగా, అద్దం ముందు, కొన్ని నిమిషాల చొప్పున అలవాటు చేయాలి. అలాగని ఉదయం నుంచి రాత్రి వరకు ఉంచడమూ తగదు. నిరంతరం నిశ్శబ్దానికి అలవాటుపడిన చెవికి సాధారణ శబ్దమూ పెద్దదిగా తోచే అవకాశం ఉంది. బాక్సులు, బాణసంచా, బజారు వంటి సందర్భాలకు వాడి, ఇంటికి రాగానే తీసివేయడం మేలు.

దీర్ఘకాలంలో భయం తగ్గాలంటే క్రమంగా పరిచయం చేయాలి. బాధించే శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి, బిడ్డ ఇష్టమైన ఆటలో ఉండగా వినీ వినిపించనంత తక్కువ స్థాయిలో వినిపించాలి. స్థాయిని పెంచే మీట బిడ్డ చేతికే ఇవ్వాలి. కలవరం మొదలవకముందే ఆపాలి. ఇది రోజుల్లో కాదు, వారాలు, నెలల్లో సాగే సాధన. ఆక్యుపేషనల్ థెరపిస్టు లేదా మనస్తత్వ నిపుణుల పర్యవేక్షణలో చేయడం శ్రేయస్కరం. బలవంతంగా బాక్సుల ముందు నిలబెట్టడం దీనికి పూర్తిగా విరుద్ధం. దానివల్ల భయం పోదు, తల్లిదండ్రులపై నమ్మకం పోతుంది.

శబ్ద భీతిని రూపుమాపే మందు ఏదీ లేదు. యంత్రం ద్వారా ప్రత్యేక సంగీతం వినిపించి కొద్దిరోజుల్లో నయం చేస్తామనే 'ఆడిటరీ ఇంటిగ్రేషన్' వంటి పద్ధతులకు తగిన శాస్త్రీయ ఆధారాలు లభించలేదు. వేల రూపాయలు చెల్లించే ముందు తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి.

కుప్పకూలిన వేళ

బిడ్డ అప్పటికే బెంబేలెత్తిపోతే బోధనలు పనిచేయవు. మొదట శబ్దం ఆపాలి, లేదా బిడ్డను అక్కడి నుంచి దూరంగా తీసుకెళ్లాలి. చుట్టూ మూగిన జనాన్ని పంపివేయాలి. పెద్దలు గొంతు తగ్గించి, ఒకటి రెండు మాటలే పలకాలి. 'ఏమైంది, ఎందుకు, చెప్పు' అన్న ప్రశ్నలూ ఆ వేళ శబ్దాలే. గట్టిగా హత్తుకుంటే కొందరు నెమ్మదిస్తారు, మరికొందరు మరింత బెదురుతారు. తన బిడ్డ ఏ కోవకు చెందుతాడో తల్లికి తెలుస్తుంది. తేరుకున్నాక మంచినీళ్లు ఇచ్చి విశ్రాంతినివ్వాలి. కొట్టడం, గదిలో బంధించడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

కాలువలు, చెరువులు అధికంగా ఉన్న ప్రాంతాల్లో మరింత అప్రమత్తత అవసరం. ఇంటి నుంచి వెళ్లిపోయిన ఆటిజం బాలలకు నీట మునిగే ప్రమాదం ఎక్కువని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. బిడ్డ కనిపించకపోతే ముందుగా నీటి వైపే వెతకాలి. పెరటి తలుపుకు పైన గడియ, చొక్కా లోపలి వైపు తండ్రి ఫోన్ నంబరు కుట్టిన గుడ్డ ముక్క, ఇరుగుపొరుగుకు ముందస్తు సమాచారం.. ఈ మూడూ తప్పనిసరి.

బడి గంటకు ముందు అయిదు నిమిషాలు

పాఠశాలలో గంట, ప్రార్థన, భోజన విరామం అత్యంత కష్టమైన వేళలు. గంటకు దూరంగా, గోడ పక్కన సీటు ఇవ్వడం, భోజన గంటకు అయిదు నిమిషాల ముందే బయటకు పంపడం, చప్పట్లకు బదులు తరగతి అంతా చేతులు ఊపడం వంటివి ఉపాధ్యాయులు సులభంగా చేయగలిగినవే. ఇది దయాదాక్షిణ్యం కాదు. ఆటిజంతో సహా 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, విద్యార్థి అవసరాన్ని బట్టి సహేతుకమైన సర్దుబాటు కల్పించాలని 16వ సెక్షన్‌లో విద్యాసంస్థలను నిర్దేశించింది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లోని సహిత విద్య ఉపాధ్యాయులను ఈ విషయంలో సంప్రదించవచ్చు.

చట్టం ఏమంటోంది?

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు 55 డెసిబెళ్లు, రాత్రి వేళ 45 డెసిబెళ్లకు మించరాదు. లౌడు స్పీకర్లకు లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు వాటిని వాడరాదు. పండుగల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానాలకు 100 మీటర్ల పరిధిని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఉల్లంఘనలపై పోలీసులకు ఫిర్యాదు చేసే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. అయితే పల్లెల్లో ఫిర్యాదు కన్నా ముందుగా ఒక మాట చెప్పుకోవడమే తరచూ ఫలిస్తుంది.

సహాయం ఎక్కడ?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో ఎదుగుదల లోపాలున్న చిన్నారులను పరీక్షిస్తారు. అంగన్‌వాడీ కార్యకర్త, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ద్వారా అక్కడకు వెళ్లవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ 'నీపిడ్' మేధోపరమైన వైకల్యాలున్న వారికి సేవలు అందిస్తోంది. వైకల్య ధ్రువపత్రం పొందినవారు నేషనల్ ట్రస్టు 'నిరామయ' ఆరోగ్య బీమా పథకానికి దరఖాస్తు చేసుకోవచ్చు. దీని కింద లక్ష రూపాయల వరకు రక్షణ లభిస్తుంది. థెరపీల ఖర్చుకూ ఇందులో అవకాశం ఉంది.

ఆ యాభై గజాలు

ఈ ఏడాది చవితికి వారం ముందు బాలుడి తండ్రి ఉత్సవ కమిటీ కుర్రాళ్లను కలిశారు. పండుగ మానమని అడగలేదు. ఊరేగింపు ఏ వేళకు తమ వీధికి వస్తుందో ముందుగా చెప్పమని, ఇంటి ముందు కాస్త తగ్గించమని కోరారు. 'కిందటేడు కాలువ గట్టున వెతికినవాళ్లలో మేమూ ఉన్నాం కదా బాబాయ్' అన్నారు వారు. నిమజ్జనం నాడు ట్రాక్టరు మలుపు తిరగగానే బాక్సులు కట్టేశారు. ఇంటికి ఇటూ అటూ యాభై గజాల మేర ఒక్క చేతి తాళంతోనే నడిచారు.

నీలం రంగు మఫ్‌లు పెట్టుకున్న బాలుడు అరుగు మీదకు రాలేదు. కిటికీ ఊచల వెనుక నిలబడి వినాయకుణ్ని చూశాడు. ఊరేగింపు వెళ్లిపోయాక మఫ్ తీసి తల్లి చేతికిచ్చి, అన్నం పెట్టమని సైగ చేశాడు. పెరటి తలుపు పై గడియ వేసే ఉంది. ఆ రాత్రి దాన్ని ఎవరూ తీయవలసిన అవసరం రాలేదు.